చందుర్తి గెలిచిన ఫోర్డ్‌కు పదవి ఎందుకు ఖాయం కాలేదు? 18వ శతాబ్దపు బ్రిటిష్ సైన్యంలో సిఫారసు, పదోన్నతి

గొల్లప్రోలు వాసి

మా ఊరికి దగ్గరలోని చందుర్తి వద్ద 1758 డిసెంబరులో కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్, విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు సేనలను తోడు చేసుకొని, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను రాత్రి దాడిలో పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేయి జారి ఇంగ్లీషువారి వైపు మొగ్గింది ఈ రెండు విజయాలతోనే. ఇంతవరకు మనందరికీ తెలిసిన చరిత్రే.

నన్ను కలవరపెట్టినది ఆ తరువాతి కథ. ఫోర్డ్ అంతకుముందు ఇంగ్లండు రాజుగారి 39వ కాల్బలపు పటాలంలో మేజరు. క్లైవ్ పిలుపు మీద రాజుగారి కొలువు వదులుకొని కంపెనీ కొలువులో చేరాడు. ఇన్ని విజయాలు సాధించి కలకత్తా చేరేసరికి, కంపెనీ కొలువులో అతని నియామకాన్ని లండన్‌లోని డైరెక్టర్లు ఖాయం చేయలేదని, ఆ సేనాధిపత్యాన్ని అయిర్ కూట్‌కు ఇచ్చారని తెలిసింది. అయినా అదే ఏడాది నవంబరులో బదరా వద్ద డచ్చివారితో యుద్ధానికి వెళ్ళి గెలిచాడు.

గెలిచినవాడిని పక్కన పెట్టే ఆ వ్యవస్థ ఎలాంటిది? ఆ కాలపు బ్రిటన్‌లో ఒక అధికారికి పై పదవి కావాలంటే ఎవరి గడప తొక్కాలి, ఎంత సొమ్ము పెట్టాలి, ఎవరు సంతకం చేయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

దస్తావేజు

ముందుగా ఫోర్డ్ సంగతి చెబుతాను. కలకత్తా నుంచి లండన్‌కు ఓడలో ఉత్తరం వెళ్ళడానికే ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టేది. 1759 చివరి నాటికి కలకత్తాకు చేరిన నిర్ణయం లండన్‌లో ఆ ఏడాది మొదటి నెలల్లోనే జరిగి ఉండాలి. అంటే మచిలీపట్నం మాట అటుంచి, చందుర్తి గెలుపు కబురు కూడా డైరెక్టర్లకు అందని సమయంలో అతని భవిష్యత్తు తేలిపోయిందన్నమాట. మరోవైపు అయిర్ కూట్ ప్లాసీ యుద్ధం తరువాత 1758లో ఇంగ్లండుకు వెళ్ళాడు. డైరెక్టర్లను, మంత్రులను స్వయంగా కలుసుకోగల చోట ఉన్నాడు. భారతదేశం కోసం కొత్తగా లేపిన 84వ పటాలానికి 1759 జనవరిలో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. కూట్ అసమర్థుడని నేను అనడం లేదు, వందవాసిలో అతడు సాధించినదేమిటో అందరికీ తెలుసు. కాని పదవులు పంచే గదికి దగ్గరలో ఉన్నవాడికీ, పదివేల మైళ్ళ అవతల యుద్ధం చేస్తున్నవాడికీ మధ్య పోటీ ఎన్నడూ సమానం కాదు. ఆ శతాబ్దంలో సైనికాధికారులు సెలవు పుచ్చుకొని లండన్‌లో నెలల తరబడి మకాం వేయడానికి ఇదే కారణం.

ఇక వ్యవస్థ. రాజుగారి సైన్యంలో కాల్బలంలోనూ అశ్వదళంలోనూ అధికారి పదవి కొనుక్కోవలసిన వస్తువు. ఇదేమీ చాటుమాటు వ్యవహారం కాదు, ధరల పట్టికను రాజే ప్రకటించేవాడు. మొదటి జార్జి, రెండవ జార్జి ఇద్దరికీ ఈ అమ్మకాలంటే గిట్టదు. అయినా నిర్మూలించలేక, 1720లో మొదటి జార్జి ధరలు నిర్ణయించి అదుపులో పెట్టాలని చూశాడు. 1766లో సవరించిన పట్టిక ప్రకారం సాధారణ కాల్బలపు పటాలంలో ఎన్‌సైన్ (అధికారులలో అట్టడుగు మెట్టు) పదవి 400 పౌండ్లు, లెఫ్టినెంట్ 550, కెప్టెన్ 1,500, మేజర్ 2,600, లెఫ్టినెంట్ కల్నల్ 3,500 పౌండ్లు. చేతిలో ఉన్న పదవిని అమ్ముకొని పై పదవికి తేడా సొమ్ము కట్టాలి కనుక, ఎన్‌సైన్ లెఫ్టినెంట్ కావడానికి 150 పౌండ్లు చాలు.

అసలు గోడ ఆ పై మెట్టు దగ్గర ఉంది. లెఫ్టినెంట్ కెప్టెన్ కావాలంటే 950 పౌండ్లు కావాలి. లెఫ్టినెంట్ జీతం రోజుకు 4 షిల్లింగుల 8 పెన్నీలు, అంటే కోతలు పోకముందు ఏడాదికి సుమారు 85 పౌండ్లు. పైసా ఖర్చు చేయకుండా కూడబెట్టినా పదకొండేళ్ళు పడుతుంది. తండ్రి ఎస్టేటు, మేనమామ అప్పు, భార్య కట్నం, వీటిలో ఏదో ఒకటి లేని లెఫ్టినెంట్ తల నెరిసేదాకా లెఫ్టినెంట్‌గానే మిగిలిపోయేవాడు. నిన్నటి వరకు తన కింద కవాతు నేర్చుకున్న కుర్రవాడు కెప్టెనై వచ్చి తనకు ఆజ్ఞలిస్తుంటే శిరసావహించవలసి వచ్చేది.

అయితే సొమ్ము ఒక్కటే ఉంటే చాలదు. ఖాళీ వచ్చినప్పుడు పటాలపు కల్నల్ పేరు సూచించాలి. ఆ పేరు యుద్ధ కార్యదర్శి ద్వారానో, సర్వసేనాని ఉన్న కాలంలో అతని ద్వారానో రాజు ముందుకు వెళ్ళాలి. రాజు సంతకం చేస్తేనే కమిషన్, అంటే అధికారి నియామక పత్రం, చెల్లుతుంది. కల్నల్ ఇష్టపడకపోతే సంచిలో 3,000 పౌండ్లు ఉన్నా ఫలితం లేదు. సిఫారసు అవసరం పుట్టేది ఇక్కడే.

మాజీ సుబేదార్

సైన్యంలో చిరకాలం పనిచేసినవాడిగా ఈ అంకెలు చదువుతుంటే మనసు మండుతోంది. ఆ కాలపు మామూలు సిపాయికి రోజుకు 8 పెన్నీలు. ఏడాదికి లెక్క వేస్తే 12 పౌండ్ల పైచిలుకు. అందులోనూ తిండికి, బట్టకు కోతలు ఉండేవి. ఒక పదహారేళ్ళ ధనికుల బిడ్డ ఎన్‌సైన్ కావడానికి పెట్టిన 400 పౌండ్లు ఒక సిపాయి ముప్పైమూడేళ్ళ జీతంతో సమానం. ప్రాణాలు పణంగా పెట్టవలసిన చోట నాయకుణ్ణి బేరం ద్వారా నిర్ణయించడం ఎలా సమర్థనీయం? దస్తావేజు గారు వివరించిన తీరు స్పష్టంగా ఉంది, అందుకు కృతజ్ఞుణ్ణి. కాని దీనిని వ్యవస్థ అని పిలవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

లీడ్స్ తెలుగు

సుబేదార్ గారి ఆవేదన న్యాయమైనది. అయితే ఆ మనుషులు ఈ పద్ధతిని ఏ కళ్ళతో చూశారో కూడా తెలుసుకోవాలని నా మనవి. పదవిలో సొమ్ము పెట్టినవాడికి దేశంలో ఆస్తి ఉంటుంది, ఆస్తి ఉన్నవాడు రాజ్యాన్ని కూలదోసే సైన్యానికి తోడు రాడు అన్నది వారి వాదన. వారి తాతల కాలంలో క్రామ్‌వెల్ సైన్యం పార్లమెంటు తలుపులు మూసిన జ్ఞాపకం ఇంకా చల్లారలేదు. పైగా ఆ కాలంలో అధికారికి పదవీ విరమణ పింఛను అంటూ ఏదీ లేదు, ముసలితనంలో పదవి అమ్మగా వచ్చిన సొమ్మే ఆధారం. యుద్ధంలో చనిపోతే ఆ పెట్టుబడి సాధారణంగా మునిగిపోయేది. తప్పు చేసి కొలువు నుంచి బహిష్కృతుడైనా అంతే.

ఒక ముఖ్యమైన విషయం ఇంకా రాలేదు. చనిపోయినవాడి స్థానం అమ్మకానికి రాదు, ఆ ఖాళీ సాధారణంగా అదే పటాలంలోని తరువాతివాడికి ఉచితంగా దక్కుతుంది. అందువల్ల సొమ్ము లేనివాడికి యుద్ధకాలమే అదృష్టకాలం, శాంతి వచ్చిందంటే గ్రహచారం. 1748, 1763, 1783 సంధుల తరువాత పటాలాలకు పటాలాలే రద్దయి వందలాది అధికారులు సగం జీతం మీద ఇళ్ళకు చేరారు. మళ్ళీ పూర్తి జీతపు కొలువు కోసం వారు రాసుకున్న విన్నపాలు బ్రిటిష్ గ్రంథాలయాలలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. ప్రధానమంత్రిగా పనిచేసిన న్యూకాజిల్ డ్యూక్ ఒక్కరి కాగితాలు తెరిస్తే చాలు, ఆ దేశంలో ఎంతమంది ఎన్ని విధాల చేతులు జోడించారో కనిపిస్తుంది.

సొమ్ము, సిఫారసు, సేవ ఈ మూడూ ఒకే జీవితంలో ఎలా పెనవేసుకున్నాయో చూడాలంటే శామ్యూల్ బాగ్‌షా కథ చూడండి. డర్బీషైరు కుటుంబంలో పుట్టినవాడే అయినా 1731లో ఇంటి నుంచి పారిపోయి మామూలు సిపాయిగా చేరాడు, ఏడేళ్ళు ఆ బతుకే బతికాడు. 1738లో పినతండ్రి సొమ్ము కట్టి విడిపించాడు. 1740లో డెవన్‌షైర్ డ్యూక్ దయతో ఎన్‌సైన్ కమిషన్ దొరికింది. 1746లో ఫ్రాన్సు తీరంలోని లోరియాంపై జరిగిన దాడిలో ఒక కాలు పోయింది. కాలు పోయినవాడు కొలువు మానలేదు. 39వ పటాలానికి లెఫ్టినెంట్ కల్నలై 1754లో మద్రాసుకు వచ్చాడు. అంటే మన ఫోర్డ్, కూట్ ఇద్దరూ పనిచేసిన పటాలమే అది. అనారోగ్యంతో తిరిగి వెళ్ళి, 1760లో ఐర్లండులో 93వ పటాలాన్ని స్వయంగా లేపి దానికి కల్నలయ్యాడు, 1762లో మరణించాడు. ఈ ప్రయాణంలో ప్రతి మలుపు దగ్గరా ఒక ఉత్తరం ఉంది. తాను చేసిన సేవ గుర్తుచేస్తూ, పోయిన కాలు గుర్తుచేస్తూ, డెవన్‌షైర్ కుటుంబంతో తనకున్న అనుబంధం గుర్తుచేస్తూ రాసినవి. కాలు పోగొట్టుకున్నవాడు కూడా అడగవలసి వచ్చింది, అడిగించవలసి వచ్చింది.

గొల్లప్రోలు వాసి

ఐర్లండు ప్రస్తావన వచ్చింది. అక్కడి పద్ధతి వేరా?

లీడ్స్ తెలుగు

కొంతవరకు వేరు. 1699 నాటి చట్టం ప్రకారం ఐర్లండులో 12,000 మంది సైన్యాన్ని అక్కడి ఖజానా ఖర్చుతో నిలిపేవారు. వారి నియామకాలలో డబ్లిన్‌లోని లార్డ్ లెఫ్టినెంట్ మాట చెల్లేది. లండన్‌లో దారి దొరకనివారికి డబ్లిన్ కోట రెండవ గుమ్మం. ఈ మార్గంలో నడిచినవారిలో అత్యంత ప్రసిద్ధుడు తరువాతి కాలపు వెల్లింగ్టన్ డ్యూక్, అప్పటి ఆర్థర్ వెస్లీ. ఆయన సంగతి తరువాత రాస్తాను.

విశాలాక్షి

లీడ్స్ తెలుగు గారు ఆస్తిపరుల సైన్యం రాజ్యానికి భద్రత అన్న వాదనను న్యాయంగానే వివరించారు, కాని నేను దానితో ఏకీభవించలేను. ఆ వాదనకు అర్థం ఉండాలంటే కొనుక్కున్న పదవి కొనుక్కున్నవాడికి నిలకడగా ఉండాలి. అది నిలిచిందా అన్నది చూడాలి.

1733లో వాల్పోల్ ప్రభుత్వపు ఎక్సైజు బిల్లును వ్యతిరేకించినందుకు కోబ్‌హామ్ ప్రభువు, బోల్టన్ డ్యూక్ తమ పటాలాల నాయకత్వాన్ని కోల్పోయారు. 1736లో యువరాజు వివాహ సందర్భంలో పార్లమెంటులో ప్రభుత్వానికి రుచించని ప్రసంగం చేసినందుకు విలియం పిట్ అనే యువకుడిని అశ్వదళంలోని కార్నెట్ పదవి నుంచి తొలగించారు. తరువాత ఏడేళ్ళ యుద్ధాన్ని నడిపించిన పెద్ద పిట్ ఆయనే. 1764లో ప్రభుత్వాన్ని విమర్శించిన విల్క్స్ అరెస్టు వ్యవహారంలో సాధారణ వారంట్లు (పేరు రాయకుండా ఎవరినైనా పట్టుకోమనే ఆజ్ఞలు) చట్టవిరుద్ధమని ఓటు వేసినందుకు జనరల్ హెన్రీ సీమోర్ కాన్వే తన పటాలాన్ని పోగొట్టుకున్నాడు. వీరిలో ఎవరూ యుద్ధంలో వెన్ను చూపినవారు కారు, ఓటు వేసినవారు మాత్రమే.

దీనికి ఎదురు దృష్టాంతం లార్డ్ జార్జ్ శాక్‌విల్. 1759లో మిండెన్ యుద్ధంలో అశ్వదళాన్ని ముందుకు నడపమన్న ఆజ్ఞను సకాలంలో పాటించలేదని సైనిక న్యాయస్థానం విచారించి, ఏ సైనిక పదవికీ పనికిరాడని తీర్పు చెప్పింది. అదే మనిషి జర్మైన్ అని పేరు మార్చుకొని 1775లో అమెరికా వ్యవహారాల మంత్రి అయ్యాడు. సైనికుడిగా పనికిరాని మనిషి సేనానులను నియమించే స్థానంలో కూర్చున్నాడు. 1776 చివరలో జనరల్ బర్గోయిన్ కెనడా నుంచి లండన్‌కు వచ్చి, తన పై అధికారి కార్ల్‌టన్‌ను దాటి దండయాత్ర నాయకత్వాన్ని సంపాదించుకున్నది ఈ జర్మైన్ దగ్గరే. బర్గోయిన్‌కు డర్బీ ప్రభువు అల్లుడన్న అండ ఉంది, పార్లమెంటు సభ్యత్వం ఉంది. ఆ దండయాత్ర 1777 అక్టోబరులో సారటోగాలో లొంగుబాటుతో ముగిసింది.

ఎక్కడో ఒక లెఫ్టినెంట్‌కు అన్యాయం జరగడంతో ఈ సిఫారసుల ఫలితం ఆగలేదు, యుద్ధాల గతి కూడా మారింది. ఓటు ఎటు వేస్తాడు అన్నదానిని బట్టి పటాలం దక్కే చోట ఆస్తిపరుల స్వాతంత్ర్యం గురించి మాట్లాడడం నాకు సమంజసంగా తోచదు.

దస్తావేజు

విశాలాక్షి గారు చెప్పినవన్నీ నిజమే. ఒక్క విషయం చేరుస్తాను. రాజులు ఈ ఒత్తిడికి తలవంచి ఊరుకోలేదు. రెండవ జార్జి స్వయంగా యుద్ధరంగంలో నిలిచినవాడు, సైన్యంలోని నియామకాలను మంత్రుల చేతికి సులభంగా ఇచ్చేవాడు కాదు. 1755 నుంచి 1761 వరకు, మళ్ళీ 1765 నుంచి 1778 వరకు యుద్ధ కార్యదర్శిగా ఉన్న బారింగ్టన్, కొనుక్కోకుండా పొందిన పదవిని అమ్ముకోరాదనే నియమాన్ని నిలబెట్టడానికి ఎంతో ప్రయాసపడ్డాడు. పైస్థాయిలో ఇలాంటి పట్టుదల లేకపోతే పరిస్థితి ఇంకెంత దిగజారేదో ఊహించవచ్చు.

సిఫారసు చేసేవాడికీ కొంత ప్రమాదం ఉండేదన్న మాట కూడా మరువకూడదు. పనికిమాలినవాడిని ముందుకు నెట్టిన ప్రభువు మాటకు తరువాతిసారి విలువ తగ్గుతుంది. యుద్ధంలో మెరిసిన యువకుణ్ణి గుర్తించిన సేనానికి గౌరవం పెరుగుతుంది. జేమ్స్ వుల్ఫ్ పదహారేళ్ళ వయసులో డెట్టింగెన్‌లో పోరాడి, కంబర్లండ్ డ్యూక్ దృష్టిలో పడి, 1750లో ఇరవైమూడేళ్ళకే 20వ పటాలపు లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. తండ్రి జనరల్ కావడం మొదటి గుమ్మం తెరిచింది, నిజమే. కాని ఆ పటాలాన్ని అతడు తీర్చిదిద్దిన తీరే 1759లో క్విబెక్ దండయాత్రను అతని చేతికి ఇప్పించింది.

గొల్లప్రోలు వాసి

ఇంతవరకు చెప్పినవారందరూ ఏదో ఒక విధంగా పైకి వచ్చినవారే. ఎంత ప్రయత్నించినా గుమ్మం తెరుచుకోనివారి సంగతి ఎవరైనా రాస్తారా?

దస్తావేజు

తప్పకుండా రాస్తాను, ఎందుకంటే అలాంటివారిలో ఒకరు ప్రపంచ చరిత్రలో అందరికీ తెలిసినవారు. జార్జ్ వాషింగ్టన్ యౌవనంలో కోరుకున్నది ఇంగ్లండు రాజుగారి కమిషన్.

వర్జీనియాలో ఆయనకు ఫేర్‌ఫాక్స్ కుటుంబపు అండ, గవర్నర్ డిన్‌విడ్డీ ఆదరణ ఉన్నాయి. ఆ అండతోనే ఇరవై ఏళ్ళు దాటేసరికి వలస సైన్యంలో పెద్ద పదవి దొరికింది. కాని వలస ప్రభుత్వం ఇచ్చిన పదవికీ రాజు సంతకం ఉన్న పదవికీ మధ్య అగాధం ఉండేది. 1754లో వర్జీనియా పటాలాన్ని విడగొట్టి ఆయనను కెప్టెన్‌గా తగ్గించబోతే రాజీనామా చేశాడు. 1755లో జనరల్ బ్రాడక్ వెంట జీతం లేని సహాయకుడిగా వెళ్ళాడు. బ్రాడక్ బతికి ఉంటే సిఫారసు చేసేవాడేమో కాని, మొనంగహీలా యుద్ధంలో తగిలిన గాయంతో మరణించాడు. ఆశ్రయమిచ్చిన పెద్ద పోతే ఆశ్రితుడి ఆశలూ దాదాపు పోయినట్టే.

ఆ తరువాత ఫోర్ట్ కంబర్లండ్‌లో డాగ్‌వర్తీ అనే కెప్టెన్, ఏనాడో పుచ్చుకున్న రాజకమిషన్‌ను చూపించి, కల్నల్ అయిన వాషింగ్టన్ ఆజ్ఞలను పాటించనన్నాడు. ఆ తగవు తీర్చుకోవడానికి 1756 శీతకాలంలో వాషింగ్టన్ గుర్రాల మీద బోస్టన్ దాకా వెళ్ళి తాత్కాలిక సర్వసేనాని షర్లీని కలిశాడు. డాగ్‌వర్తీ విషయంలో తీర్పు అనుకూలంగా వచ్చింది, రాజకమిషన్ మాత్రం రాలేదు. 1757 మొదట్లో కొత్త సర్వసేనాని లౌడన్ ప్రభువుకు సుదీర్ఘమైన విన్నపం రాసి, ఫిలడెల్ఫియా వెళ్ళి కలుసుకున్నాడు. అంతకుముందే ఆయన పేరిట ఒక కోటకు ఫోర్ట్ లౌడన్ అని పేరు పెట్టాడు. తన పటాలమంతటినీ రాజసైన్యంలో చేర్చుకోవాలని వేడుకున్నాడు. ఫలితం శూన్యం. 1758 చివరిలో ఆయన సైన్యాన్ని వదిలి వెళ్ళాడు. ఆ ఒక్క తిరస్కారం వల్లనే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చిందని అనడం అతిశయోక్తి. కాని వలస ప్రాంతాలలో పుట్టినవాడు ఎంత పనిచేసినా లండన్ దృష్టిలో రెండవ తరగతివాడే అన్న చేదు అనుభవం ఆయనకు ఆ ఏళ్ళలోనే కలిగిందనడంలో నాకు సందేహం లేదు.

తూర్పుతీరం

నౌకాదళం గురించి ఎవరూ రాయలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. అక్కడ పదవులు కొనడం లేదు. లెఫ్టినెంట్ కావాలంటే సముద్రంపై ఆరేళ్ళ అనుభవం, మౌఖిక పరీక్ష తప్పనిసరి. ఈ పరీక్ష 1677 నుంచి ఉంది. అయినా సిఫారసు లేనిదే ఓడ దొరకదు. నెల్సన్ మేనమామ మారిస్ సక్లింగ్ నౌకాదళ కంట్రోలర్ కావడం వల్ల మేనల్లుడు 1777లో లెఫ్టినెంట్, ఇరవై ఏళ్ళ వయసులో 1779లోనే పూర్తి స్థాయి కెప్టెన్ అయ్యాడు. అంతటి నెల్సన్ కూడా 1787 తరువాత ఐదేళ్ళపాటు ఓడ లేక, సగం జీతంతో, నార్ఫక్‌లో అర్జీలు రాసుకుంటూ గడిపాడు. పొలం కూలి కొడుకైన జేమ్స్ కుక్‌కు హ్యూ పాలిసర్ అండగా నిలిచాడు, అయినా లెఫ్టినెంట్ కావడానికి ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ప్రతిభ ఇద్దరికీ ఉంది, తేడా మేనమామ దగ్గర వచ్చింది.

మాజీ సుబేదార్

కొనుగోలు లేని చోట కూడా ఇలాగే ఉంటే, వయసు క్రమాన్ని మాత్రమే పాటించిన దళం ఏదైనా ఉందా?

దస్తావేజు

ఉంది. ఫిరంగి దళం, ఇంజనీర్లు. వీరు ఆర్డ్‌నెన్స్ బోర్డు కింద ఉండేవారు, 1741లో వూలిచ్‌లో పెట్టిన పాఠశాలలో గణితం, కోటల నిర్మాణం నేర్చుకొని వచ్చేవారు. అక్కడ అమ్మకం లేదు, పూర్తిగా సీనియారిటీ. పని తెలిసినవారు దొరికారు, కాని పై పదవులు ముసలివారితో నిండిపోయి, చురుకైన మనిషి నడివయసు దాటినా కెప్టెన్‌గానే ఉండేవాడు. వుల్ఫ్ అక్కడ పనిచేసి ఉంటే క్విబెక్ నాటికి లెఫ్టినెంట్‌గా ఉండేవాడేమో.

దత్తమండల చదువరి

కంపెనీ సైన్యమూ అలాంటిదే, అందులో మనకు దగ్గరైన పేర్లు రెండున్నాయి కనుక రాస్తున్నాను. కంపెనీలో కమిషన్లు అమ్మరు, పదోన్నతి సీనియారిటీని బట్టే. సిఫారసంతా మొదటి మెట్టు దగ్గర కేంద్రీకృతమై ఉండేది. ఇరవైనలుగురు డైరెక్టర్లకు కాడెట్ (అధికారి కాబోయే కుర్రవాడు) స్థానాలలో వాటాలుండేవి. 1784 తరువాత కంపెనీపై బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన నియంత్రణ మండలిలో చక్రం తిప్పిన హెన్రీ డండస్ చేతికీ కొన్ని వచ్చేవి. స్కాట్లండు కుర్రవాళ్ళు మద్రాసుకు అంతమంది రావడానికి ఇదొక ముఖ్య కారణం.

గ్లాస్గోలో పొగాకు వర్తకం చేసే తండ్రి అమెరికా యుద్ధంలో దివాలా తీస్తే, థామస్ మన్రో 1780 జనవరిలో కాడెట్‌గా మద్రాసులో దిగాడు. లండన్‌లో కొనే స్తోమత ఆ కుటుంబానికి లేదు. ఇక్కడా సైనిక పదవులు నత్తనడకన వచ్చాయి. ఆయనను ముందుకు తెచ్చినది భాషలు నేర్చుకోవడం. 1792లో బారామహల్ రెవెన్యూ పనిలో, 1800 నుంచి 1807 వరకు మన దత్తమండలాలలో ప్రధాన కలెక్టరుగా ఆయన పేరు నిలిచింది. పటాలంలోనే ఉండిపోతే మన్రో పేరు రాయలసీమలో ఎవరికీ తెలిసేది కాదు.

రెండవవాడు కోలిన్ మెకంజీ. హెబ్రిడీస్ దీవులలోని స్టోర్నొవేలో సుంకాల అధికారిగా ఉన్న మనిషి, సీఫోర్త్ ప్రభువుల ఆదరణతో, దాదాపు ముప్పై ఏళ్ళ వయసులో 1783లో మద్రాసుకు వచ్చాడు. ఇక్కడి గవర్నర్ మెకార్ట్‌నీకి అతని గురించి ముందే చెప్పి ఉంచారు. ఆ సిఫారసే లేకపోతే ఏలూరి కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సేకరించిన కైఫీయతులు (గ్రామ చరిత్రలు) ఈ రోజు మన చేతిలో ఉండేవి కావు. సిఫారసు వల్ల జరిగిన ప్రతిదీ చెడే అనలేకపోవడానికి నాకు ఇదొక కారణం. అయితే రాజసైన్యపు అధికారి ఎదుట అదే హోదాలోని కంపెనీ అధికారి ఎంత సీనియరైనా కిందివాడే కావడం వల్ల కలిగిన అవమానం కంపెనీవారిని దశాబ్దాలపాటు దహించింది. 1796 నాటి నిబంధనలతో కొన్ని పై పదవులు పెరిగి కొంత ఊరట వచ్చింది.

లీడ్స్ తెలుగు

మాట ఇచ్చినట్టు వెల్లింగ్టన్ సంగతి రాస్తున్నాను. అన్న మార్నింగ్టన్ ప్రభువు ఐర్లండు లార్డ్ లెఫ్టినెంట్ రట్లండ్ డ్యూక్‌ను తమ్ముడి కోసం కమిషన్ అడిగాడు. 1787 మార్చిలో ఆర్థర్ 73వ పటాలంలో ఎన్‌సైన్ అయ్యాడు. ఆ పటాలం అప్పుడు భారతదేశంలో ఉంది, ఆర్థర్ దానిలో చేరనేలేదు. డబ్లిన్ కోటలో లార్డ్ లెఫ్టినెంట్‌కు సహాయకుడిగా ఉంటూ, ఒక పటాలం నుంచి మరొక పటాలానికి కాగితం మీదనే మారుతూ 1791లో కెప్టెన్ అయ్యాడు. 1793లో అన్న ఇచ్చిన అప్పుతో 33వ పటాలంలో మేజరు, అదే ఏడాది లెఫ్టినెంట్ కల్నల్. ఆరున్నర ఏళ్ళలో అంత దూరం వచ్చిన మనిషి ఇంకా ఒక్క యుద్ధం చూడలేదు. ఫ్లాండర్స్‌లో యుద్ధం చూసి వచ్చాక, 1795లో సైన్యం మీద విసిగి, రెవెన్యూ శాఖలోనో ఖజానాలోనో ఉద్యోగం ఇప్పించమని లార్డ్ లెఫ్టినెంట్ కామ్డెన్‌ను అర్థించాడు. ఆ ఉద్యోగం దొరికి ఉంటే అసాయే లేదు, వాటర్లూ లేదు.

1798లో అన్న గవర్నర్ జనరల్ అయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన హైదరాబాదు నిజాము సేనకు ఆర్థర్ నాయకుడు. గోడ ఎక్కి కోటను గెలిచింది డేవిడ్ బెయిర్డ్. పొల్లిలూరులో 1780లో పట్టుబడి అదే కోటలో మూడున్నర ఏళ్ళకు పైగా ఖైదీగా మగ్గినవాడు. గెలిచిన మరునాటికి కోట పాలన ఆర్థర్‌కు అప్పగించారు. బెయిర్డ్ చివరిదాకా దానిని మరువలేదు. ఆర్థర్ సమర్థతను నేను ఏమాత్రం శంకించను, కాని ఆ రోజు బెయిర్డ్ స్థానంలో ఉంటే నేనూ క్షమించేవాడిని కాను.

విశాలాక్షి

ఈ వ్యవస్థకు కళ్ళెం పడిన తీరు కూడా నమోదు కావాలి. 1795లో సర్వసేనాని అయిన యార్క్ డ్యూక్, ప్రతి పటాలంలో పన్నెండేళ్ళలోపు కెప్టెన్లు ఎందరో, ఇరవై ఏళ్ళలోపు లెఫ్టినెంట్ కల్నళ్ళు ఎందరో లెక్క పంపమని కల్నళ్ళను ఆదేశించవలసి వచ్చింది. అలాంటి ప్రశ్న వేయవలసిన స్థితిలో ఆ సైన్యం ఉందంటే అంతకంటే నేరారోపణ అవసరం లేదు. రెండేళ్ళ సేవ లేనిదే కెప్టెన్, ఆరేళ్ళ సేవ లేనిదే మేజరు కారాదని ఆయన నియమం పెట్టాడు. అర్జీలన్నీ సైనిక కార్యదర్శి ద్వారా రావాలన్నాడు. పేద లెఫ్టినెంట్‌కు జరిగిన మొదటి నిజమైన మేలు అది.

అదే డ్యూక్ పూర్వ ప్రేయసి మేరీ ఆన్ క్లార్క్ పదోన్నతులు ఇప్పిస్తానని అధికారుల వద్ద సొమ్ము పుచ్చుకున్న వ్యవహారం 1809లో పార్లమెంటుకు ఎక్కింది. డ్యూక్ లంచం తీసుకోలేదని సభ తేల్చినా ఆయన రాజీనామా చేశాడు, 1811లో తిరిగి వచ్చాడు. పదవుల బేరాన్ని శిక్షించే చట్టం 1809లోనే వచ్చింది. పట్టిక ధరకు జరిగే కొనుగోలు మాత్రం అలాగే నిలిచింది.

దానిని రద్దు చేసినది 1871లో, గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం, యుద్ధ మంత్రి కార్డ్‌వెల్. ప్రభువుల సభ బిల్లును అడ్డుకుంటే, అమ్మకానికి అనుమతి రాజాజ్ఞ మీదనే ఆధారపడి ఉంది కనుక, విక్టోరియా రాణి ఆజ్ఞతోనే నవంబరు 1 నుంచి దానిని తీసివేశారు. అప్పుడు ప్రభువుల సభ తొందరపడి బిల్లును ఆమోదించింది, ఎందుకంటే అధికారులకు నష్టపరిహారం ఇచ్చే నిబంధన ఆ బిల్లులోనే ఉంది. పట్టిక ధరకు మించి చట్టవిరుద్ధంగా కట్టిన సొమ్మును కూడా ఖజానా నుంచి తిరిగి చెల్లించారు.